ఎల్లమ్మ నోట పెట్టిన మాట

సెల్లార్లలో కార్లు తేలిన వరద వచ్చి నాలుగో ఏడు అది. ఖాజాగూడలో వయసు మళ్లినవాళ్లు ఇప్పటికీ ఏళ్లను ఆ వరదతోనే లెక్కపెడతారు. ఫలానా పెళ్లి వరదకు ముందా వెనకా, ఫలానా బిల్డింగు పునాది నీళ్లు తోడి తీశారా పొడి నేలలో తీశారా అని. బాలనర్సయ్య భార్య లక్ష్మమ్మ వరద తర్వాత రెండో ఏడు మంచం పట్టింది, మూడో ఏడు పోయింది. నాలుగో ఏడు మనవరాలు జ్యోత్స్న ఇంటర్ పాసైంది. ఇంట్లో పిల్ల పాసైతే నోరు తీపి చేసుకోవాలి. వాళ్లింట్లో మాత్రం ఆ రోజు నుంచి ఎవరికీ కూడు సహించలేదు.

ఎందుకంటే ఇంటర్ పాసు ఈ రోజుల్లో పాసు కాదు. ఎంసెట్‌లో ర్యాంకు రావాలి. జ్యోత్స్నకు వచ్చిన ర్యాంకు ఎంత దూరాన ఉందంటే, దాన్ని చదివి చెప్పడానికి ఆమె తండ్రి మహేశ్ రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

ఆ వాడలో ఎండాకాలమంతా ఒకటే పలకరింపు, ర్యాంకు ఎంత అని. పాల ప్యాకెట్లు వేసే ఆమె అడుగుతుంది. ఇస్త్రీ బండి అతను అడుగుతాడు. తన పిల్లలు ఏ తరగతో తెలియని తాగుబోతు కూడా ఆపి అడుగుతాడు. చావు జరిగిన ఇంటికి పోతే, శవాన్ని ఇంకా లేపకముందే, ఎవడో భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడుగుతాడు. బాలనర్సయ్య ఎవరికీ జవాబు చెప్పలేదు. అతను మొదటి నుంచీ మాట తక్కువ మనిషి. మూడో తరగతిలో బడితో పాటు మాటలు కూడా మానేసినట్టున్నాడని లక్ష్మమ్మ బతికినన్నాళ్లూ ఎగతాళి చేసేది. మాట్లాడడు కాబట్టి కోపం రాదని జనం అనుకునేవాళ్లు. కోపం నోట్లోంచి వచ్చే దారి లేనివాడికి అది కడుపులో మరుగుతుందని వాళ్లకేం తెలుసు.

వాళ్ల ఇల్లు ఐదంతస్తులు. కింద వాళ్లు, పైన అన్నీ కిరాయి గదులు, గదులనిండా కంపెనీల్లో పనిచేసే పిల్లలు. బాలనర్సయ్య పని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం, ట్యాంకు నిండగానే మోటారు ఆపడం. పొద్దున్నే ఆ పిల్లలు మెడలో కంపెనీ కార్డుల పట్టీలు వేసుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా దిగిపోతుంటారు. సాయంత్రం అదే పట్టీలతో, నీళ్లు ఇంకిపోయిన మొక్కల్లాగా వస్తారు. ఈ బతుకు కోసమే ఊరు ఊరంతా పిల్లల గొంతు మీద కూర్చుంటోందా అని అతనికి అనిపించేది. అనిపించినా అనలేదు.

మహేశ్ సంగతి వేరు. వాడికి ఆ పట్టీ అంటే దేవుడి దారం. పదేళ్లు కంపెనీ క్యాబు నడిపాడు. వాళ్లు అమ్ముకున్న జొన్నచేను ఉన్న చోటనే ఒక అద్దాల బిల్డింగు లేచింది, వాడు రోజూ ఉద్యోగులను దించింది ఆ బిల్డింగు గేటు దగ్గరే. ఒక వానాకాలం సాయంత్రం కడుపు నొప్పి పట్టలేక లోపల బాత్‌రూముకు పోనివ్వమని సెక్యూరిటీని అడిగాడు. డ్రైవర్లకు పర్మిషన్ లేదన్నారు. ఇది మా చేనురా అయ్యా అన్నాడు మహేశ్. గేటు దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఇంకా వాడి చెవుల్లోనే ఉంది. నా బిడ్డ కార్డు చూపించి ఆ గేటు దాటాలి అని ఆ రోజే అనుకున్నాడు. అప్పటికి జ్యోత్స్నకు పాలపళ్లు కూడా ఊడలేదు.

బాలనర్సయ్యకు కొడుకు నొప్పి తెలుసు. కానీ కుక్క కరిచింది నిన్ను అయితే సూది పిల్లకు పొడిపిస్తావా అని లోపల అడుగుతూనే ఉన్నాడు.

పదో తరగతి అయినప్పుడు జ్యోత్స్న బైపీసీ తీసుకుంటానంది. ఎవరూ విననైనా వినలేదు. లెక్కల గ్రూపులో చేర్చి, కిటికీలకు ఇనుప జాలీలున్న హాస్టల్లో పడేశారు. తెల్లారకముందు లేపి, కళ్లు మూతలు పడేదాకా లెక్కలు చేయించే హాస్టలు. దసరా దాటాక పిల్లకు కామెర్లు వచ్చాయి, ఇంటికి పంపించేశారు, ఆ తర్వాత ఇంటి నుంచే కాలేజీకి పోయింది. అప్పటికే లక్ష్మమ్మ పక్షవాతం వచ్చి మంచంలో ఉంది.

మూడో అంతస్తులో ఎలిజబెత్ అనే నర్సమ్మ కిరాయికి ఉండేది. ఏలూరు వైపు మనిషి, దగ్గర్లోనే ఒక పెద్ద దవాఖానలో పని. డ్యూటీ దిగి వచ్చాక ముఖం కడుక్కుని ముసలామె దగ్గర కాసేపు కూర్చునేది. ఎట్లా ఒత్తిగిల్లించాలో, వీపు కింద దుప్పటి ముడత పడకుండా ఎట్లా సర్దాలో, వీపు మీద లేచిన పుండు ఎట్లా కడగాలో జ్యోత్స్నకు చూపించింది. కోడలు ఆ వాసనకు గుమ్మం దాటి లోపలికి రాలేకపోయేది. మహేశ్ ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చి, అమ్మా అని పిలిచి, అట్నుంచి అటే పోయేవాడు. జ్యోత్స్న మాత్రం పుండు దగ్గరికి వంగి, లైటు పెట్టి చూసేది, నిన్నటికంటే అంచు ఎరుపెక్కిందా తగ్గిందా అని. బాలనర్సయ్య గుమ్మంలో నిలబడి మనవరాలి ముఖం చూశాడు. ఆ ముఖంలో జాలి లేదు, అసహ్యం లేదు. పని ఉంది. చేను దున్నే రోజుల్లో తన ముఖం అట్లా ఉండేదేమో అనుకున్నాడు.

లక్ష్మమ్మ పోయింది గానీ వీపు మీద పుండు మానాకే పోయింది.

అందుకే ఎంసెట్ ర్యాంకు చూసి ఇల్లంతా తల పట్టుకున్న రోజున జ్యోత్స్న వంటింటి గుమ్మానికి ఆనుకుని, నేను నర్సింగుకు పోతా అంది. ఏ గ్రూపు చదివినా తీసుకునే మూడేళ్ల కోర్సు ఉంది, ఎలిజబెత్ అక్క చదివిన మిషన్ దవాఖాన స్కూల్లోనే ఉంది, దరఖాస్తు కూడా పెట్టాను అని చెప్పింది. ఇంటర్వ్యూకు రమ్మన్న రోజు బోనాల మరునాడు, సోమవారం. ఇంటి పెద్ద ఒకరు వెంట వచ్చి ఒప్పుకోవాలి.

 మహేశ్ అన్నాడు, "మందివి పియ్యి ఉచ్చలు ఎత్తుతవా? ఊళ్లె ఏమని చెప్పుకోవాలె నేను? భూములమ్మినోని బిడ్డ బెడ్‌ప్యాన్లు మోస్తున్నదనా?"

"నానమ్మవి ఎత్తలేదా డాడీ?" అంది జ్యోత్స్న.

మహేశ్ చెయ్యి లేచింది గానీ పడలేదు. వాడు ఆ కోపాన్ని పట్టుకుని మెట్లెక్కి మూడో అంతస్తుకు పోయాడు. నెల తిరిగేలోగా గది ఖాళీ చెయ్యమన్నాడు. ఎలిజబెత్ తలుపు గొళ్లెం మీద చెయ్యి పెట్టుకునే నిలబడి, "చేస్తానండి. నేనేం నూరిపోయలేదండీ, ఆ పిల్లకి పని వచ్చు, అంతే. మీ అమ్మగారిని కడిగినన్నాళ్లూ నా చేతులు బానే ఉన్నాయి కదండీ మీకు" అంది. మహేశ్ దిగివచ్చాడు. మెట్ల మొదట్లో కూర్చున్న బాలనర్సయ్యకు ఆ మాటలన్నీ వినపడ్డాయి. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు తమాషా. ఒక్క ఆడపిల్ల మీదికి ఊరు కదిలింది. నగర శివారులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ మనిషి మోటారు సైకిలు మీద వచ్చి, చొక్కా జేబులో రెండు ఫోన్లతో, మేనేజ్‌మెంటు కోటాలో కంప్యూటరు సీటు ఒక్కటే మిగిలిందని చెప్పాడు. ఆ ఒక్క సీటే పక్కింట్లోనూ మిగిలింది, ఎదురింట్లోనూ మిగిలింది. మేనమామలు ఫోన్లో ముఖాలు పెట్టి మాట్లాడారు. మహేశ్ దోస్తులు వచ్చి, చాయ్ తాగి, నర్సు సంబంధం అంటే ఎవడు చేసుకుంటాడమ్మా అన్నారు. జరం వస్తే మాత్రం వాళ్లంతా దవాఖానకే పోతారు, సిస్టర్ సిస్టర్ అని పిలుస్తారు.

ఎదురింటి పోచయ్య రోజూ వచ్చేవాడు. అతని మనవడు దినేశ్ ఒక కంపెనీలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే పోచయ్య నడక మారింది. మీసం దువ్వుకుంటూ, "ఏం నర్సిగా, మనవరాలికి సూదులిచ్చుడు నేర్పిస్తున్నవట గద. మంచిదే, మనకు ముసలితనంల ఫ్రీగ ఇస్తది" అని నవ్వేవాడు. బాలనర్సయ్య మోటారు స్విచ్చు వైపు చూస్తూ కూర్చునేవాడు. ట్యాంకు పొర్లి నీళ్లు పోచయ్య చెప్పుల దాకా పారినా ఆపలేదొక రోజు.

జ్యోత్స్న మాత్రం అందరి మాటలూ విని, చివర్లో ఒక్కటే మాట అనేది, నర్సింగే అని. వాళ్లమ్మ ఏడ్చింది. మహేశ్ అన్నం మానేశాడు. పిల్ల కంచంలో అన్నం పెట్టి తండ్రి ముందు పెట్టింది గానీ మాట మార్చుకోలేదు. బాలనర్సయ్యకు లోపల ఎక్కడో గర్వంగా ఉండేది. ఈ పిల్ల గెలుస్తుంది అనుకున్నాడు. మనుషుల మాటతో లొంగని పిల్లను ఎట్లా లొంగదీయాలో మహేశ్‌కు తెలుసని అతనికి తట్టలేదు.

ఆదివారం బోనాలు వచ్చాయి. వాడలో ఎల్లమ్మ గుడి చిన్నది. చుట్టూ అపార్టుమెంట్లు లేచి దాన్ని గుంతలోకి నెట్టాయి. అయినా ఆ ఒక్క రోజు దారులన్నీ దానివే. వేపమండలు, డప్పులు, పసుపు పూసిన కుండల మీద దీపాలు. కిరాయి గదుల పిల్లలు బాల్కనీల్లోంచి ఫోన్లతో వీడియోలు తీస్తారు.

బాలనర్సయ్య చెల్లెలు సక్కుబాయి మీదికి ఏటా ఎల్లమ్మ వస్తుంది. పెళ్లయిన కొత్తలో మొదలైంది, ఇప్పటికీ ఆగలేదు. పూనకం వచ్చి ఊగేటప్పుడు వెనక నుంచి నడుం కొంగు పట్టుకుని, పడిపోకుండా చూసుకునే పని అన్నది. ఆ పని అతను ఇంకెవరికీ ఇవ్వలేదు. కొంగు పిడికిట్లో ఉన్నంతసేపు ముందు ఉన్నది చెల్లెలు కాదు. ఆమె ఒళ్లు చల్లబడుతుంది, కళ్లకు ఎవరూ ఆనరు, అందరినీ బాలుడా అంటుంది, అన్ననూ అంతే. చిన్నప్పుడు తన వెంట పేడకళ్లు ఎత్తిన సక్కు అప్పుడు ఎక్కడికి పోతుందో అతనికి తెలియదు. తెలియాలని కూడా అనుకోలేదు. లోకంలో అతను చెయ్యెత్తి మొక్కేది అదొక్కటే.

ఆ రోజు డప్పు జోరందుకుంది. సక్కుబాయి జుట్టు విరబోసుకుని, వేపమండ కొరికి, గిరగిరా తిరిగింది. బాలనర్సయ్య ఎప్పటిలాగే కొంగు పట్టి గట్టిగా లాగాడు. ఆమె తల వెనక్కి వాల్చి, పెదవులు కదిలీ కదలకుండా, "మెల్లగ పట్టుకో అన్నా, నడుము నొస్తున్నది" అంది.

బాలనర్సయ్య చెయ్యి కొంగు మీద అట్లాగే ఉండిపోయింది.  వచ్చింది అమ్మ కాదు.

అప్పుడే మహేశ్ జ్యోత్స్న రెక్క పట్టుకుని జనంలోంచి ముందుకు తెచ్చాడు. అమ్మ ముందు వేపాకు నీళ్ల సాక పోసి, మోకాళ్ల మీద కూర్చుని, తల్లీ, నా బిడ్డ తొవ్వ ఏందో చెప్పు అని అడిగాడు. డప్పు ఆగింది. సక్కుబాయి ఊగుతూ ఊగుతూ, కంటి కొసతో ఒక్కసారి మహేశ్ ముఖం చూసి, పిల్ల నెత్తి మీద పసుపు చెయ్యి పెట్టింది.

"బిడ్డకు కంప్యూటరు సదువు రాసిపెట్టిన్న. అద్దాల మేడల కూసోబెడత. నా మాట కాదని తొవ్వ మళ్లితే ఆ ఇంటికి అరిష్టం."

జనం చేతులు జోడించారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పోచయ్య దండం పెట్టాడు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. సరే అనమని వాళ్లమ్మ పిల్ల చెవిలో చెప్పింది, వెనక నుంచి ఇంకో ఇద్దరు చెప్పారు, ముందు నుంచి నలుగురు. నెత్తి మీద నుంచి పసుపు నీళ్లు కారుతుంటే జ్యోత్స్న నేల చూస్తూ, "సరే" అంది.

ఎండాకాలమంతా ఎవరి మాటకూ వంగని పిల్ల అది. బాలనర్సయ్య కొంగు వదిలేశాడు. సక్కుబాయి తూలి పక్కవాళ్ల మీద పడింది. ఆ రోజు దాకా అతను కొంగు వదలడం ఎవరూ చూడలేదు.

సాయంత్రం చెల్లెలి ఇంటికి పోయాడు. సక్కుబాయి పసుపు కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని ఉంది. అన్నను చూసి చాప జరిపింది. అతను కూర్చోలేదు.

"ఇయ్యాల ఎవరొచ్చింరు సక్కూ?"

"ఎవరొస్తరు. ఏటేటా ఎవరొస్తరో ఆమెనే."

"ఆమెకు నడుము నొస్తదా?"

సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు చాటునే ఒప్పుకుంది. అమ్మ ఈసారి రాలేదు, ఎంత పిలిచినా రాలేదు, జనమంతా చూస్తుంటే ఏం చెయ్యాలె అంది. మొన్న మహేశ్ వచ్చి కాళ్లు పట్టుకున్నాడట. మగవాడు ఏడిస్తే చూడలేకపోయానంది. తన మనవడు పెట్రోలు బంకులో టైర్లకు గాలి కొడుతున్నాడు, మన రక్తంలో ఒక్క పిల్లయినా ఆ మేడల్లో కూర్చుంటే తప్పేముంది అంది. అంతా పిల్ల బాగు కోసమే అంది.

 అప్పుడు బాలనర్సయ్య అన్నంత పొడుగు మాట అతను ఎప్పుడూ అని ఉండడు.

"పిల్ల బాగుకు అబద్ధమాడాలంటె నీ నోటితోని ఆడు. ఆమె నోరెందుకు తీస్కున్నవ్? అరిష్టమని బెదిరిస్తివి. నానమ్మ పుండు కడిగిన పిల్లను బెదిరిస్తివి. ఇగ రేపు గుడి కాడికొచ్చి చెప్పు, ఆ మాట నాదే అని."

సక్కుబాయి తల అడ్డంగా ఊపింది. నీళ్లు కారుతున్న కళ్లతోనే గట్టిగా చెప్పింది, "చెప్ప. మందిల అన్నమాట మందిలనే ఎనుకకు తీస్కుంటె, నలభై ఏండ్ల సంది వచ్చింది కూడ దొంగ ఎల్లమ్మే అంటరు. నీ మనవరాలు నాలుగు రోజులు ఏడ్చి మర్చిపోతది. నేను సచ్చేదాక దొంగనైత."

 అతను ఆమె ఇచ్చిన మంచినీళ్లు ముట్టకుండా బయటికి నడిచాడు.

ఇంటి ముందు మహేశ్ దోస్తులతో నవ్వుతూ నిలబడి ఉన్నాడు. తండ్రిని చూసి నవ్వు ఆపాడు. వాళ్లను పంపించేశాక బాలనర్సయ్య కొడుకును అడిగాడు, నీకు బిడ్డ కావాల్నా, గేటు కావాల్నా అని. మహేశ్‌కు అర్థమైంది, మేనత్త చెప్పేసిందని.  బిడ్డ మీద ప్రేమ లేకపోతే ఇంత పరేషాన్ ఎందుకు పడతానన్నాడు. ఆ గేటు బయట నిలబడింది నువ్వు కాదు, నేను అన్నాడు. చివరికి ఆ మాట కూడా అన్నాడు, "మూడో తరగతి సదివినోనివి, నీకేం తెల్సు నాయినా."

"నాకు తెల్వది. దానికి తెల్సు" అన్నాడు బాలనర్సయ్య.

జ్యోత్స్న పైన నీళ్ల ట్యాంకుల దగ్గర ఉంది. తలంటుకుంది గానీ చెవుల వెనక పసుపు పోలేదు. దూరంగా అద్దాల బిల్డింగుల మీద పొద్దు దిగుతోంది. బాలనర్సయ్య పక్కన నిలబడి, అది అమ్మ మాట కాదు, మీ నాయిన పెట్టించిన మాట అని చెప్పాడు. పిల్ల ముఖం విప్పారుతుందనుకున్నాడు. విప్పారలేదు.

"తెల్సు తాతా" అంది. "సక్కు నానమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టినప్పుడు ఆ చెయ్యి వెచ్చగ ఉండె, ఎల్లమ్మ వస్తె సల్లబడాలె గద. నాకప్పుడే తెల్సింది. తెల్సి ఏం జెయ్యాలె? మందంత చూసింరు. ఇప్పుడు వద్దంటె డాడీకి ఎదురు చెప్పినట్టు గాదు, ఎల్లమ్మకు ఎదురు చెప్పినట్టు. రేపు అమ్మకు జరమొస్తది, నన్నంటరు. డాడీ బండి ఎవరికో తగుల్తది, నన్నంటరు. ఎలిజబెత్ అక్క కూడ పోతున్నది. నేనేడికని పోవాలె."

బాలనర్సయ్యకు అప్పుడు తెలిసింది. ముడి పిల్ల మనసులో లేదు. అందరూ చూస్తుండగా పడ్డ ముడి అది, అందరూ చూస్తుండగానే తెగాలి. పైన కూర్చుని బుజ్జగిస్తే తెగదు. ఈ ఊరు ఊరంతా కలిసి, దండాలు పెట్టి, కొబ్బరికాయలు కొట్టి, ఒక పిల్ల కాళ్లు కట్టేసింది. కట్టినవాళ్లలో ఒక్కడికీ ఆ పిల్లకు ఏ పని చేతనవునో తెలియదు. అడిగిన పాపాన పోలేదు.

అతను అడిగాడు. "మందిని ఇడిచిపెట్టు. అరిష్టం ఇడిచిపెట్టు. నీకేం గావాలె?"

జ్యోత్స్న బిల్డింగుల మీద నుంచి చూపు తిప్పి తాతను చూసింది. "నర్సింగే" అంది.

రేపు పొద్దున తయారై ఉండమని చెప్పి దిగిపోయాడు.

తెల్లారి బాలనర్సయ్య తల మీద నుంచి చన్నీళ్లు పోసుకుని, తడి ధోవతితోనే ఎల్లమ్మ గుడికి పోయాడు. బోనాల మరునాడు పొద్దున అక్కడ మగవాళ్లంతా చేరతారు, కోసిన మేకల తలకాయలు ఎవరికి ఏవో పంచుకోవడానికి. పోచయ్య ఉన్నాడు. మహేశ్ ఉన్నాడు. గుడి గడప కడుగుతూ సక్కుబాయి ఉంది. వెనకాల, సర్టిఫికెట్ల సంచి పట్టుకుని జ్యోత్స్న వస్తోంది.

బాలనర్సయ్య ఎవరినీ పలకరించకుండా హారతి పళ్లెంలోంచి కర్పూరం తీసుకుని, ఎడమ అరచేతిలో పెట్టి, దీపానికి అంటించుకున్నాడు. మంట లేచింది. తలకాయల లెక్క ఆగిపోయింది. ఆ వాడలో చేతిలో కర్పూరం వెలిగించి ప్రమాణం చేసినవాడిని చూసి చాలా ఏళ్లయింది. ఆ ప్రమాణం తప్పు అయితే దాని దోషం చేసినవాడిదే, ఇంకెవరిదీ కాదు. అది అందరికీ తెలుసు.

"నిన్న ఈడ నా మనవరాలికి చెప్పిన మాట ఎల్లమ్మది గాదు. మా ఇంటోళ్లు పెట్టిచ్చిన మాట. ఒకవేళ ఎల్లమ్మదే అయితే, ఆ మాట దాటిచ్చింది నేను. అరిష్టమంత నాకే తగలనీ. పిల్లకు తగలొద్దు, ఇంటికి తగలొద్దు. రేపటి సంది ఎవరింట్ల ఏం జరిగినా పిల్లను గాదు, నన్ను అడుగుండ్రి."

మంట చర్మాన్ని అంటుకునేదాకా పట్టుకుని, పిడికిలి బిగించి ఆర్పేశాడు. కమురు వాసన వచ్చింది. సక్కుబాయి చేతిలో చెంబు పట్టుకుని గడప దగ్గరే కూలబడి, అన్న వైపు చూసి, తల దించుకుంది. అది అబద్ధమని మాత్రం అనలేదు. జనం ఆమె వైపు చూశారు, ఆమె కాదనకపోవడం చూశారు.

ఎల్లమ్మతోని ఆటలా నర్సిగా అని పోచయ్య గొణిగాడు. బాలనర్సయ్య అతని వైపు తిరిగేసరికి మిగతా మాట మింగేశాడు.

మహేశ్ ముఖం తెల్లబోయింది. దగ్గరికి వచ్చి, నలుగురిలో నా పరువు తీసినవ్ నాయినా అన్నాడు.

"ఉంటె గద తీసేది" అన్నాడు బాలనర్సయ్య.

మహేశ్ బిడ్డ చేతిలోని సంచి వైపు చెయ్యి చాపాడు. జ్యోత్స్న సంచి వదల్లేదు. తండ్రి కళ్లలోకే చూస్తూ నిలబడింది. అందరూ చూస్తున్నారు. నిన్న ఎవరు చూస్తున్నారో వాళ్లే. వాడి చెయ్యి అట్లాగే కొంతసేపు గాలిలో ఉండి, కిందికి దిగింది. దారికి అడ్డం నుంచి మాత్రం వాడు జరగలేదు. తాతా మనవరాలే వాడి పక్క నుంచి తిరిగి పోవాల్సి వచ్చింది.

రోడ్డు మీద ఆటో ఆపారు. కాలిన చెయ్యిని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని బాలనర్సయ్య ఎక్కి కూర్చున్నాడు. ఎక్కడికి పోవాలె పెద్దమనిషీ అని ఆటో అతను అడిగాడు. అతనికి ఆ దవాఖాన పేరు తెలుసు. రాత్రంతా మనసులో అనుకున్నదే. అయినా చెప్పలేదు.

"నువ్వు చెప్పు బిడ్డా" అన్నాడు.

జ్యోత్స్న ముందుకు వంగి, ఆటో చప్పుడులో కూడా వినబడేట్టు, తను పోవాల్సిన చోటు పేరు చెప్పింది.